పాత కొట్టం పడగొట్టిస్తున్నారా? రేటు కన్నా ముందు ఈ 5 విషయాలు మాట్లాడుకోండి

ఈరోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ఊళ్ళో మా తాతయ్య కట్టించిన పశువుల కొట్టం గురించి. గేదెల్ని అమ్మేసి చాలా ఏళ్ళయింది. ఒక గోడ బీటలిచ్చింది. పిల్లలేమో దాని పక్కనే ఆడుకుంటున్నారు. "తీయించేద్దాంరా" అన్నారు నాన్న. ఆ పని నేను చూస్తానన్నాను.

ఫోన్లోనే బేరం. మేస్త్రీ 25 వేలన్నాడు, 22కి దిగాడు. భలే తగ్గించాననుకున్నా. రెండో రోజు సాయంత్రానికి స్థలం ఖాళీ. టేకు దూలాలు, వాసాలు, పెంకులు కూడా ఖాళీ! అడిగితే, "పాత సామాను కూల్చినోడిదే కదా బాబూ" అన్నాడు. నిజమే, చాలాచోట్ల అలా మాట్లాడుకుంటారు. కానీ అప్పుడు కూలి తగ్గాలి. కలప బాగుంటే వాళ్ళే మనకి ఎదురు డబ్బివ్వాలి. నేను డబ్బూ ఇచ్చా, కలపా ఇచ్చా.

నాయనమ్మ ఒక్కటే అడిగింది: "ఆ నడిమి దూలమైనా ఉంచలేకపోయావా నాన్నా?" కలప అడితీకి పరిగెత్తా. అప్పటికే కోసేశారు.

నా తప్పు మీరు చెయ్యకండి.

1. సామాను ఎవరిది? దూలాలు, వాసాలు, తలుపులు లెక్కపెట్టండి, ఫోటోలు తీయండి, కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రేటు ఆ తర్వాతే.

2. ఎలా తీస్తారు? కట్టిన వరసకి రివర్స్‌లో. ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, ఆఖరికి గోడలు. గోడల్ని కూడా పైనుంచి కిందికే తీయాలి. అడుగున తవ్వి తోసేస్తే పని త్వరగా అవుతుంది, కానీ గోడ ఎటు పడుతుందో చెప్పలేం. కూల్చివేత భద్రతకి మన దేశంలో ఐఎస్ 4130 అనే ప్రమాణమే ఉంది.

3. కరెంటు. మెయిన్ ఆపితే సరిపోదు. సర్వీస్ వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. కరెంటు ఆఫీసులో చెప్పి, వాళ్ళ చేతే తీయించండి.

4. సిమెంట్ రేకులు. పాత రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొడితే కంటికి కనపడని పీచు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. అందుకే తడిపి, బోల్టులు విప్పి, రేకు విరక్కుండా దించాలి. పనివాళ్ళకి సరైన మాస్కులుండాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

5. బాధ్యత. పనివాళ్ళకి దెబ్బ తగిలినా, పక్కింటి గోడ దెబ్బతిన్నా ఎవరు చూసుకుంటారు? మట్టి, రాళ్ళు ఎక్కడ పోస్తారు? చెరువులో మాత్రం పొయ్యనివ్వకండి. స్థలం శుభ్రం అయ్యేదాకా కొంత డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకో మాట. బేరం మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి: "ఇందులో ఏది ఉంచమంటారు?" అని. నేను మేస్త్రీతో గంటసేపు మాట్లాడా. నాయనమ్మని మాత్రం ఒక్క నిమిషం కూడా అడగలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త!