పాత కలం వెనుక ఒక చేయి

వీధిలో పాత సామాన్లు కొనేవాని కేక వినిపించగానే మన ఇండ్లలో సొరుగులు ఖాళీ అవుతాయి. పాత పత్రికలు, పగిలిన బకెట్లు, తుప్పు పట్టిన తాళాలు బయటికి వస్తాయి. వాటి అడుగున, ఎవరూ లెక్కపెట్టని వస్తువు ఒకటి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. అది ఇంటి పెద్దలు వ్రాసిన కలం. కొనేవాడు దానికి ధర కట్టడు, అమ్మేవారు దాన్ని గుర్తించరు. ఒక మనిషి నలభై ఏళ్ళపాటు ప్రతి ఉదయం జేబుకు తగిలించుకొని బయలుదేరిన వస్తువు, అతని జనాజా లేచిన కొద్ది నెలలకే చెత్తలో కలిసిపోతుంది.

ఇరవై ఐదు సంవత్సరాలుగా మేము ఇటువంటి కలాలను, పెన్సిళ్ళను సేకరిస్తున్నాము. మా వద్ద ఉన్నవి అరవైకి మించవు. వాటిలో ఖరీదైనవి రెండో మూడో ఉంటాయి. తక్కినవన్నీ సామాన్యుల చేతుల్లో అరిగినవే. ఎవరైనా ఒక పాత కలం తెచ్చి చూపితే మేము మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనితో ఏమి వ్రాసేవారు?" ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగే మనిషి ఉన్నంతవరకే ఆ కలం జ్ఞాపకాన్ని మోస్తుంది. ఆ మనిషి కూడా వెళ్ళిపోతే మిగిలేది ఒక గొట్టం, ఒక మూత.

రెల్లు నుండి సిరాగొట్టం దాకా

మన సంప్రదాయంలో కలానికి ఉన్న స్థానం పాఠకులకు తెలియనిది కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో 68వ సూరా పేరే 'అల్ ఖలమ్'. హిరా గుహలో అవతరించిన తొలి ఆయతులలోనే కలం ప్రస్తావన ఉంది. ఆ కాలపు కలం రెల్లుపుల్ల. మా పెట్టెలో అన్నిటికంటె చౌకైనదీ అదే. పదునైన చాకుతో పుల్ల మొనను చెక్కి, మధ్యలో సన్నగా చీల్చి, చివరను ఏటవాలుగా కోస్తారు. ఉర్దూ కాతిబులు ఈ కోతను 'ఖత్' అంటారు. దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి సిరా చేసేవారు. సిరాబుడ్డిలో కొద్దిగా పట్టుదారం ఉంచేవారు. కలం అడుగుదాకా మునగకుండా, కావలసినంత సిరా మాత్రమే అందుకోవడానికి అది తోడ్పడుతుంది.

ఆ కోత ఎంత వెడల్పో అక్షరం అంత. బాగ్దాదులో మంత్రిగా పనిచేసిన ప్రఖ్యాత లిపికారుడు ఇబ్నె ముఖ్లా (మరణం క్రీ.శ. 940) అక్షరాల కొలతకు కలం మొననే ప్రమాణంగా నిలిపాడు. మొనను కాగితం మీద ఒత్తితే పడే చుక్కలతోనే 'అలిఫ్' ఎత్తును, తక్కిన అక్షరాల ఒంపును లెక్కించాడు. అంటే కలం మారితే కొలత కూడా దానితోపాటే మారుతుంది. తన కలాన్ని కాతిబు ఇంకొకరి చేతికి ఇవ్వడానికి వెనుకాడేది ఇందుకే.

సిరాను తనలోనే దాచుకునే కలం గురించిన ఆలోచన కూడా కొత్తది కాదు. ఫాతిమీ పాలకుడు అల్ ముఇజ్ (పాలన 953–975) చేతులకు, బట్టలకు మరక అంటని కలం కావాలని కోరగా, తలక్రిందులు చేసినా సిరా కారని కలాన్ని తయారు చేసి ఇచ్చారని ఆయన కొలువులోని ఖాజీ నోమాన్ వ్రాసి ఉంచారు. ఆ కలం మనకు దక్కలేదు. ఖాజీగారి వ్రాత మాత్రం దక్కింది. నేడు మనం ఇంకుపెన్ను అంటున్నది 1884లో అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన తరువాత ప్రపంచమంతా పాకింది.

చేతివ్రాత పూర్తిగా అంతరించిందని అనుకోనవసరం లేదు. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' ఉర్దూ దినపత్రిక కంప్యూటర్ల కాలంలో కూడా కాతిబుల చేతివ్రాతతోనే వెలువడుతూ లోకాన్ని ఆశ్చర్యపరచింది.

రాజమహేంద్రవరపు ఎబొనైట్

తెలుగువారి ఇండ్లలో దొరికే పాత ఇంకుపెన్నులలో మనం గర్వించదగినవి రాజమహేంద్రవరంలో పుట్టినవి. గాంధీజీ ప్రోత్సాహంతో స్వదేశీ కలం తయారీకి పూనుకున్న కె.వి. రత్నంగారు 1932లో అక్కడ ఆ పని ప్రారంభించారు. ఆయన పంపిన కలం కుమారప్పగారి ద్వారా తమకు అందిందని, విదేశీ కలాలకు అది మంచి ప్రత్యామ్నాయమని గాంధీజీ 1935లో జాబు వ్రాశారు. హైదరాబాదులో 1928లో మొదలైన దక్కన్ పెన్ స్టోర్స్ పేరు కూడా పాత తరం వారికి సుపరిచితమే.

ఈ చేతితయారీ పెన్నులకు ఎక్కువగా వాడినది ఎబొనైట్. రబ్బరులో గంధకం ఎక్కువపాళ్ళలో కలిపి వేడిచేస్తే అది కొమ్మువలె గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేత్ మీద తరిమి గొట్టంగా, మూతగా మలుస్తారు. నల్లని ఎబొనైట్ ఎండ తగిలితే మెల్లమెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకపు ఘాటు తెలుస్తుంది. సొరుగులో దొరికిన పెన్ను దేనితో చేసినదో గుర్తించడానికి ఇదే సులువైన పరీక్ష.

మా వద్ద ఉన్న రాజమహేంద్రవరపు పెన్ను ఒక ఉర్దూ ఉపాధ్యాయునిది. పాఠశాలలో హాజరుపట్టీలు, సాయంత్రం మొహల్లాలో నికాహ్‌నామాలు ఆయన దానితోనే వ్రాసేవారు. ఇరవై ఏళ్ళలో ఆ చేయి వాలుకు తగినట్లు పాళీ మొన ఒకవైపు అరిగింది. ఇప్పుడు ఎవరు పట్టుకొని వ్రాయబోయినా కాగితం మీద గీరుకుంటుంది. ఆయన పట్టిన కోణంలో పట్టితే మాత్రం నీటివలె సాగుతుంది. మనిషి లేడు, ఆయన చేతి వాలు ఆ పాళీలో ఉండిపోయింది. మా విద్యార్థులకు దాన్ని చూపినప్పుడు వారు ఒక్కొక్కరుగా ఆ కోణాన్ని వెదుకుతారు. దొరికినవాని ముఖంలో వెలుగు చూడవలసిందే.

బలపం, పెన్సిలు, రీఫిల్లు

పెన్సిళ్ళను చిన్నచూపు చూడరాదు. మన పెద్దలలో అనేకుల తొలి అక్షరం మార్కాపురం పలక మీద బలపంతో దిద్దినదే. అది వ్రాసిన మరుక్షణం చెరిగిపోయేది. అందుకే బలపపు ముక్క కనిపిస్తే మేము వదలము. దానికి సంబంధించి మిగిలేది ఆ ముక్క ఒక్కటే.

పెన్సిలులో ఉన్నది సీసమని చాలామంది పొరబడుతుంటారు. అది గ్రాఫైటు. 1795లో ఫ్రాన్సులో కాంటే అనే ఆయన గ్రాఫైటు పొడిలో బంకమన్ను కలిపి కాల్చే పద్ధతి కనుగొన్నాడు. మన్ను పాలు పెరిగితే గీత గట్టిగా, లేతగా పడుతుంది. తగ్గితే మెత్తగా, నల్లగా పడుతుంది. పెన్సిలు మీద కనిపించే అక్షరాలు ఆ గట్టిదనాన్ని తెలిపే గుర్తులే. వడ్రంగి పెన్సిలు బల్లపరుపుగా ఉండడం కూడా ఊరకే కాదు, చెక్క మీద దొర్లి క్రింద పడకుండా ఉండడానికే. తడి తగిలితే ఊదారంగుకు తిరిగే కాపీయింగ్ పెన్సిలును ఎరిగినవారికి, దాన్ని తడిపి తడిపి రంగెక్కిన గుమాస్తాల పెదవులు ఇప్పటికీ గుర్తుంటాయి.

పాతదనం కూడా లేని ఒక బాల్‌పెన్ను మా వద్ద ఉంది. కడప జిల్లాలో ఒక తల్లి దాన్ని మాకు చూపింది. కుమారుడు కువైటులో ఉన్న తొమ్మిదేళ్ళూ ఆమె జాబులన్నీ ఆ పెన్నుతోనే వెళ్ళాయి. ఆమెకు చదువు రాదు. ప్రక్కింటి అమ్మాయి కూర్చుని వ్రాసేది. రీఫిల్లు అయిపోయినప్పుడల్లా క్రొత్తది కొని ఆ అమ్మాయి వచ్చేదాకా తలగడ క్రింద పెట్టుకునేది. "నేను వ్రాయలేదు మౌల్వీ సాబ్, కానీ మాటలన్నీ నావే" అన్నది ఆమె. బజారులో దాని విలువ శూన్యం. మా జాబితాలో దానిది మొదటి వరుస.

రెండు మొనల పెన్సిలు చెప్పిన లెక్క

ఒక మొన ఎరుపు, మరొక మొన నీలం ఉండే పెన్సిలు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా వద్ద చదువుకున్న ఒక యువకుడు అటువంటి దానిని తెచ్చి, "హజ్రత్, ఇది మా అబ్బాది. మీ పెట్టెలో ఉంటే భద్రంగా ఉంటుంది" అన్నాడు. వాళ్ళ నాన్నగారు సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగి అరువుకు బట్టలు అమ్మేవారు. పెన్సిలు నీలం వైపు సగానికి పైగా అరిగిపోయింది. ఎరుపు వైపు దాదాపు క్రొత్తగానే ఉంది. దీనితో ఏమి వ్రాసేవారని మేము అలవాటు ప్రకారం అడిగాము. అతనికి తెలియదు. తల్లిని అడిగి రమ్మన్నాము.

మూడు రోజులకు అతడు ఒక పొడవాటి పుస్తకంతో తిరిగి వచ్చాడు. తనకు రావలసినవి నీలంతో, తాను ఇవ్వవలసినవి ఎరుపుతో వ్రాయడం ఆ తండ్రి పద్ధతి అని తల్లి చెప్పిందట. తీరిన బాకీలన్నిటి మీదా అడ్డగీత ఉంది. ఎరుపు పద్దులు పదకొండు మాత్రమే. వాటిలో ఒక్కదానికి గీత లేదు: పట్టణంలోని ఒక టోకు వ్యాపారికి 1,150 రూపాయలు. తండ్రి చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆస్తి పంపకాలు కూడా జరిగిపోయాయి. మరణించినవారి అప్పు తీర్చిన తరువాతనే వారసత్వం అన్నది మన ధర్మంలో అందరికీ తెలిసిన విధి. ఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పును వ్రాసి ఉంచమనే ఆదేశం గురించినదే. ఆ తండ్రి వ్రాసి ఉంచాడు. వ్రాసినది చదివేవారే లేకపోయారు.

అన్నదమ్ములిద్దరూ, అక్కా కలిసి ఆ మొత్తాన్ని పోగుచేశారు. వ్యాపారి కూడా అప్పటికి లేడు. అతని కుమారుని చేతిలో పెట్టి వచ్చారు. ఇంటికి తిరిగి వచ్చాక తల్లి అదే పెన్సిలు తీసి, చివరి ఎరుపు పద్దు మీద స్వయంగా అడ్డగీత గీసిందని ఆ యువకుడు మాకు చెప్పాడు.

ఆ పెన్సిలును మేము తీసుకోలేదు. దాని చోటు ఆ పుస్తకం ప్రక్కన. రెంటినీ విడదీస్తే పెన్సిలు మూగపోతుంది, పుస్తకంలోని రంగులకు అర్థం పోతుంది. పైగా అది తర్కాలో భాగం. విలువ ఎంత స్వల్పమైనా మరణించినవారి ప్రతి వస్తువులోనూ వారసులందరికీ హక్కు ఉంటుంది. తల్లి, అక్క సమ్మతి లేకుండా ఒక కుమారుడు దానం చేయదగినది కాదు. "బాబూ, దీనిని మీ ఇంట్లోనే ఉంచండి. దీని కథ మాత్రం మా పుస్తకంలో వ్రాసుకుంటాము" అని పంపించాము.

కలం చిన్న వస్తువే కదా అనిపించినప్పుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై) వృత్తాంతం తలచుకోవాలి. హిజ్రీ 181లో మరణించిన ఆ మహా హదీసువేత్త సిరియాలో ఒకరి వద్ద కలం ఎరువు తీసుకున్నారు. ఖురాసాన్‌లోని మర్వ్ నగరం చేరాక చూసుకుంటే ఆ కలం తమ వద్దనే ఉంది. దాన్ని యజమానికి అప్పగించడానికి ఆయన అంత దూరం తిరిగి ప్రయాణం చేశారు. కలాలు సేకరించే ప్రతి ఒక్కరికీ ఈ వృత్తాంతమే మొదటి పాఠం కావాలి.

భద్రపరచే విధానం

ఇంట్లో పాత పెన్ను దొరికితే ముందుగా చల్లని నీటిలో పాళీని నానబెట్టి, సిరా రంగు దిగడం ఆగేదాకా నీరు మార్చాలి. ఎబొనైట్‌కు వేడినీరు తగలరాదు, రంగు చెడుతుంది. స్పిరిటుతో తుడవరాదు. ఇంకుపెన్నులకోసం చేసిన సిరానే పోయాలి. చిత్రలేఖనపు చిక్కని సిరా పోస్తే లోపల గడ్డకడుతుంది. వాడనప్పుడు సిరా తీసివేసి, ఎండ, తేమ తగలని చోట ఉంచాలి. గొట్టం మీద చెక్కించుకున్న పేరు ఉంటే మెరుగు పేరుతో దాన్ని అరగదీయరాదు. ఆ పేరే దాని చిరునామా.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒక చిన్న చీటీ. కలం ఎవరిది, ఏ పని చేసేవారు, దానితో ఏమి వ్రాసేవారు, ఈ సంగతి ఎవరు చెప్పారు అనే నాలుగు వాక్యాలు వ్రాసి కలానికి చుట్టి ఉంచాలి. ఈ చీటీ లేని వెయ్యి కలాలు అంగడి సరుకు. చీటీ ఉన్న ఒక్క కలం చాలు, ఒక వంశానికి తన పెద్దల చేయి ఎటువంటిదో తెలుస్తుంది.

చెప్పగలిగినవారు మన ఇండ్లలో ఇంకా ఉన్నారు. నానమ్మలు, అమ్మమ్మలు, మంచం పట్టిన పెదనాన్నలు ఉన్నారు. ఈ వారం సెలవురోజున పిల్లలచేత సొరుగు తెరిపించండి. దొరికిన కలాన్ని వారి చేతిలో పెట్టి, దీనితో ఏమి వ్రాసేవారని అడిగించండి. సమాధానాన్ని పిల్లలచేతనే, వీలైతే ఆ కలంతోనే వ్రాయించండి. తీర్చవలసిన ఎరుపు పద్దు ఏదైనా బయటపడితే, ముందు దాన్ని తీర్చండి.