తుపాకి గొట్టపు పొడవు – గుళ్ల వేగము

కొల్లేటి తీరపు గ్రామములనుండి మన పాఠశాలకు వచ్చు బాలుర నోట ఒక మాట తరచుగా వినుచున్నాము. తాతలనాటి బారు తుపాకి ఎంత దూరమున నున్న బాతునైనను పడగొట్టెడిదనియు, గొట్టము పొట్టియైన కొలది గుళ్ల వేగము తగ్గిపోవుననియు వారందురు. ఈ మాటలో కొంత నిజము కలదు. కాని ఆ కొంత ఎంతయో తూచి చూచినవారు అరుదు. ఇట్టి నమ్మకముననే పూర్వపు వేటగాండ్రు అందని పక్షిపై కాల్చుటయు, అది చావక, బ్రతుకక, గాయముతో తుంగలో దూరి నశించుటయు జరుగుచుండెడిది. కావున దీనిని విచారించుట వ్యర్థము కాదని తలచితిమి.

ఇచ్చట మేము చెప్పునది ఒంటిగుండు తుపాకిని గూర్చి కాదు. చిన్న సీసపు గుళ్లు నూర్లకొలది ఒక్కమారుగా వెడలు తుపాకిని గూర్చి. అందు మిక్కిలి వాడుకలో నున్నది పండ్రెండు బోరు. గొట్టమునకు సరిపోవు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగును గనుక దానికా పేరు వచ్చినది.

మొదట వంటయింటి ఊదుగొట్టమును తీసికొందము. దానిలో ఒక శనగగింజ నుంచి గట్టిగా ఊదినచో అది చివరనుండి ఎగిరిపడును. గొట్టము బెత్తెడే యైనచో మన ఊపిరి గింజపై పనిచేయు కాలము అత్యల్పము. మూరెడైనచో గింజ వెలువడువరకు వెనుకనుండి త్రోపుడు తగులుచుండును గనుక వేగము హెచ్చును. మరి పది మూరల గొట్టమైనచో? నడుమనే ఊపిరి అయిపోవును. మిగిలిన దూరము గింజ గోడలను రాచుకొనుచు మందగించును.

తుపాకిలో ఊపిరి స్థానమున మందు కాలగా పుట్టిన వాయువు పనిచేయును. అయితే భేదమొకటి కలదు. మన ఊపిరి కొంతసేపు ఒకే తీరున సాగును. వాయువు త్రోపుడట్టిది కాదు. ఈ కాలపు పొగలేని మందుతో, గుళ్లు ఒకటి రెండంగుళములు కదలునప్పటికే ఒత్తిడి పరాకాష్ఠ నందుకొనును. పిమ్మట గుళ్లు ముందునకు జరిగిన కొలది వాయువునకు చోటు పెరుగును, ఒత్తిడి పడిపోవును. గొట్టపు చివరి అంగుళములలో మిగులునది మొదటి త్రోపుడులో అల్పభాగము మాత్రమే.

ఈ సంగతిని గణితముతో తేల్చినవాడు బెంజమిన్ రాబిన్సు అను ఆంగ్లేయుడు. ఆయన 1742లో ఫిరంగిశాస్త్రముపై ఒక గ్రంథము ప్రకటించెను. పిదప ఈస్టిండియా కంపెనీ ప్రధాన ఇంజనీరుగా మన తూర్పు తీరమునకే వచ్చి, 1751లో కడలూరు చెంత సెయింటు డేవిడ్ కోటలో మరణించెను. వ్రేలాడదీసిన బరువైన కొయ్యదిమ్మపై గుండు కాల్చి, దిమ్మ ఎంత ఊగెనో కొలిచి, దానినిబట్టి గుండు వేగమును కనిపెట్టుట ఆయన యుక్తి. గొట్టపు పొడవు విషయమున ఆయన బాయిలు నియమమును ఆధారము చేసికొనెను. చోటు రెట్టింపైనచో వాయువు ఒత్తిడి సగమగునని మన పై తరగతి విద్యార్థులెరుగుదురు. ఆ లెక్కనే మేమును వేసి చూచితిమి. మందున్న చోటు రెండంగుళములనుకొని, 24 అంగుళముల గొట్టమును 48 అంగుళములకు పెంచినచో వేగము రెట్టింపు కాదు; నూటికి పదుమూడు వంతులు మాత్రమే హెచ్చును. రాపిడిని, వాయువు చల్లబడుటను కలుపుకొన్న ఆ పదుమూడు కూడ దక్కదు.

నేటి తూటాలతో చూచినను సంగతి ఇట్లే యున్నది. వాడుక పొడవులలో అంగుళమునకు సెకనుకు సుమారు అయిదు మొదలు పది అడుగుల భేదము. అనగా 26 అంగుళముల గొట్టమునకును 30 అంగుళముల గొట్టమునకును నడుమ ఇరువది మొదలు నలువది అడుగులు. గుళ్లు వెడలు వేగము సెకనుకు ఇంచుమించు 1,200 అడుగులు కాగా, ఇది నూటికి రెండు మూడు వంతులు.

ఇంతకును గొట్టము దాటిన పిదప గాలి యున్నది. గాలి అడ్డగింపు తన కాలపువారు తలచినదానికంటె ఎంతో గొప్పదని చూపినవాడును రాబిన్సే. చిన్న గుళ్లు నలువది గజములు పోవునప్పటికి తమ వేగములో సగమునకు సమీపముగా పోగొట్టుకొనును. అంత నష్టము నెదుట ఆ ముప్పది అడుగుల లాభమేపాటిది? గంటకు నలువది మైళ్లు ఎగురు బాతు, గుళ్లు తన్ను చేరులోపల ఎనిమిదడుగులు ముందునకు సాగును. పొడవు గొట్టము ఈ దూరములో తగ్గించునది రెండంగుళములకు లోపే. గుళ్ల గుంపో, అచ్చటికి మూడడుగులకు మించి విచ్చుకొని యుండును.

అట్లైన తాతలు మూఢులా? కారు. నాటి నల్లని తుపాకిమందు ముతకగా నుండి మెల్లగా అంటుకొనెడిది. అది పొడవు గొట్టమును కోరినమాట నిజము. 1787లో హెన్రీ నాకు అను లండను తుపాకి పనివాడు మందు త్వరగా అంటుకొను అర నొకటి కల్పించుటతో గొట్టములు కురుచ కాజొచ్చెను. 1884లో ఫ్రాన్సు దేశమున వియెల్ పొగలేని మందును సిద్ధపరచెను. 1920 ప్రాంతముల రాబర్టు చర్చిల్ అను లండను వర్తకుడు 25 అంగుళముల తుపాకులనే గొప్పగా అమ్మెను. తుపాకి మారినది, మాట మాత్రము మారలేదు.

పొడవు గొట్టమునకు గుణము లేకపోలేదు. ఎగురు గురివెంట చేయి నిలుకడగా తిరుగును. మ్రోత చెవికి దూరమగును. గుళ్లను దగ్గరగా నుంచునది మాత్రము పొడవు కాదు, గొట్టపు మూతి యొద్దనుండు స్వల్పమైన ఇరుకు. దానిని చోకు అందురు. మూతిని కోసివేసినచో పోవునది ముఖ్యముగా ఆ చోకే. అనుమతి లేక గొట్టమును కురుచ చేయుట 1959 నాటి ఆయుధముల చట్టముచే నేరము కూడ.

కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యమైనది. ఇప్పుడచ్చట గూడబాతులను చూడబోవువారు దుర్భిణి తీసికొని పోవుదురు, తుపాకి కాదు. కావున పరీక్షింపగోరు బాలురు ఊదుగొట్టముతోనే తృప్తిపడవలెను. జానెడు, మూరెడు, బారెడు వెదురు గొట్టములు మూడు సమకూర్చుకొని, దారమున మైనపుముద్దను వ్రేలాడదీసి, ప్రతి దానితోను ఒకే గింజను ఊది ముద్ద ఎంత ఊగునో గుర్తు పెట్టుకొనుడు. ఊపిరి మాత్రము గొట్టము నోట నుంచకమునుపే పీల్చుకొనవలెను. లేనిచో గింజ గొంతులోనికి పోవును.