ఖాళీ గడి వేరు, సున్న వేరు

పోయిన సంవత్సరం మన హాస్టల్ పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగుచేసి, భూమి లేని కుటుంబాల పిల్లలకు ముందుగా నోటుపుస్తకాలు కొనివ్వాలని అనుకున్నారు. అందుకు కావలసిన వెబ్ ఫారం తయారుచేసే పని మాకు అప్పగించారు. అందులో "భూమి ఎన్ని ఎకరాలు?" అనే గడి ఉంది. ఇంటి సంగతి చెప్పుకోవడం ఇష్టం లేనివాళ్ళు దానిని వదిలివేయవచ్చు. మేము తప్పులో కాలువేసింది ఆ గడి దగ్గరే.

గడిలో ఏమి టైపు చేసినా కంప్యూటరుకు అది మొదట అక్షరాలుగానే అందుతుంది, అంకెగా మనమే మార్చాలి. జావాస్క్రిప్టులో నంబర్ అనే ఫంక్షనుకు ఖాళీ గడిని ఇస్తే 0 అని జవాబు చెబుతుంది. దాంతో ఏమీ రాయనివాళ్ళంతా భూమి లేనివాళ్ళలో కలిసిపోయారు. దానిని సరిచేయబోయి, విలువ లేకపోతే వదిలివేయమని ఒక షరతు రాశాము. జావాస్క్రిప్టు దృష్టిలో అంకె 0 కూడా "లేదు" కిందికే వస్తుందని అప్పటికి మాకు తెలియదు. తాండూరు నుండి వచ్చిన ఒక తమ్ముడి నాన్న నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లో కూలీ. ఆ తమ్ముడు నిజాయితీగా 0 అని రాశాడు. జాబితాలో అతని పేరే లేదు!

సరైన వరుస ఇది. ముందు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసివేయాలి. ఏమీ మిగలకపోతే "నల్" అని దాచి అక్కడితో ఆగాలి. ఏదైనా మిగిలితేనే అది అంకె అవునా కాదా అని చూడాలి. 0 వస్తే 0గానే దాచాలి. డేటాబేసులో నల్ ఉన్న వరుసలను సగటు లెక్కలోకి తీసుకోదు, కాబట్టి సగటు కూడా చెడదు. బ్రౌజరులో చేసిన పరీక్షను ఎవరైనా తప్పించుకోవచ్చు కనుక సర్వరులోనూ మళ్ళీ చేయాలి.

ఇంకొక చిక్కు మన వికారాబాదు, తాండూరు పిల్లలకు బాగా తెలిసినదే. పాసుబుక్కులో 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది ఎకరంన్నర. కంప్యూటరు మాత్రం ఎకరం, అందులో అయిదో వంతు అనుకుంటుంది. అందుకే ఎకరాలకు ఒకటి, గుంటలకు ఒకటి, రెండు గడులు పెట్టాము. గుంటలు 39 దాటితే ఫారం ఒప్పుకోదు. ఒకటి నింపి ఒకటి వదిలితే, వదిలినదానిని 0 అనుకోవచ్చు. రెండూ వదిలితేనే చెప్పలేదని అర్థం.

ఈసారి జాబితా నోటీసుబోర్డుకు అంటించే ముందు కాగితం ఫారాలతో ఒక్కొక్క పేరు సరిచూశాము. తమ్ముడి పేరు మూడవ వరుసలో ఉంది.