గుర్తున్నప్పుడే మాట్లాడుకోవాలి

కిందటి చలికాలంలో ఒక రాత్రి రెండు గంటలకు ఓ కానిస్టేబుల్ ఒక పెద్దాయన్ని మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. కాళ్లకు మాత్రం చెప్పుల్లేవు. బస్టాండులో కూర్చుని 'స్కూలుకు టైమైంది' అంటున్నారట. పేరు అడిగితే చెప్పారు. ఊరు అడిగితే చిన్నప్పటి ఊరు చెప్పారు. జేబులో ఫోన్ ఉంది గానీ దానికి లాక్ ఉంది. ఆ నంబరు ఆయనకు గుర్తులేదు. సిస్టర్ షుగర్ చూస్తే 48. గ్లూకోజ్ ఎక్కించాక కాస్త తేరుకున్నారు. అయినా ఇల్లెక్కడో చెప్పలేకపోయారు. తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ ఫోనే మోగింది. నిద్రలేచి చూస్తే మనిషి కనపడలేదని భార్య చేశారు.

ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. డిమెన్షియా ఉందని తేలి ఏడాదిన్నర. ఆ రాత్రి షుగర్ మాత్ర వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకున్నారు. 'మరీ ముదిరితే అప్పుడు చూద్దాంలే అనుకున్నాం డాక్టరుగారూ' అన్నారు ఆవిడ. ఈ మాట మా ఓపీలో తరచూ వింటుంటాను. చిక్కేమిటంటే, ముదిరాక చేయగలిగేవి చాలా కొద్ది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. అంటే నూటికి ఏడుగురు. మతిమరుపంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ లోపం, బి12 తగ్గడం, కుంగుబాటు, కిందపడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టడం కూడా అలాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. కాబట్టి ముందు పరీక్షలు చేయించండి. డిమెన్షియానే అని తేలితే ఆలస్యం చేయొద్దు.

తొలిదశలో ఉన్న మనిషికి నిన్న ఏం తిన్నారో గుర్తుండకపోవచ్చు. తనకేం కావాలో మాత్రం స్పష్టంగా చెప్పగలరు. పిల్లలు నన్ను పక్కకు పిలిచి 'నాన్నకు చెప్పకండి' అంటారు. ఒకప్పుడు నేనూ సరేననేవాణ్ని. ఇప్పుడు అనను. ఆయన జీవితం గురించి ఆయన్ని అడగగలిగే రోజులు అవే.

జీపీఏ ఉందిగా అనుకుంటే...

'జీపీఏ రాయించేశాం, ఇక భయం లేదు' అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మన చట్టం ప్రకారం, రాసిచ్చిన వ్యక్తి మతి స్థిమితం కోల్పోతే సాధారణంగా ఆ జీపీఏ చెల్లదు. అంటే సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. ఆ తర్వాత ఇంట్లో అందరూ ఒప్పుకున్నా సంరక్షకుడి నియామకం కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. అందుకే బ్యాంకు ఖాతాలో భార్యనో, బిడ్డనో చేర్చడం, నామినీ పేర్లు సరిచూడడం, వీలునామా రాయడం లాంటి పనులన్నీ ఆయన మాట చెల్లే రోజుల్లోనే లాయరును అడిగి పూర్తిచేయండి. సంతకం చేసేనాటికి ఆలోచన స్పష్టంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని ఉంచితే తర్వాత తగాదాలు తగ్గుతాయి. చివరి దశలో వెంటిలేటర్ లాంటివి వద్దనుకుంటే 'లివింగ్ విల్' రాసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని గుర్తించి, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధ్రువీకరించుకుంటే సరిపోతుంది.

ఫోన్‌లో డబ్బు పంపే పరిమితిని తగ్గించండి. ఓటీపీ అడిగేవాళ్లకు ఇలాంటి పెద్దలే తేలిగ్గా దొరుకుతారు.

ఇల్లు దాటితే

ఈ జబ్బున్నవాళ్లు ఊరికే తిరగరు. వాళ్ల లెక్కలో ఎక్కడికో ఒక పనిమీద వెళ్తుంటారు. పాత ఇల్లు, ఆఫీసు, గుడి, పొలం. ఆ చోట్ల జాబితా ముందే రాసిపెట్టుకోండి. జేబులో పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు ఉన్న కార్డు ఉంచండి. చొక్కా మార్చినప్పుడు కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి లోపలివైపు గుడ్డపేలికపై రాసి కుట్టేయడం ఇంకా మేలు. లాక్ తీయకుండానే కనిపించేలా ఫోన్‌లో అత్యవసర నంబర్లు పెట్టండి. ఈమధ్య తీసిన ఫొటో ఒకటి ఉండాలి, పెళ్లినాటిది కాదు. వాచ్‌మన్‌కు, కిరాణా కొట్టతనికి, ఎదురింటివాళ్లకు విషయం చెప్పండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు. మనిషి కనపడకపోతే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి. బయట తాళం వేసి లోపల ఒంటరిగా వదిలి మాత్రం వెళ్లొద్దు. మంటలు రేగితే బయటపడే దారుండదు.

మాత్రలన్నీ బీరువాలో పెట్టి, పూటకు ఆ పూటవే చేతికివ్వండి. షుగర్, బీపీ, నిద్రమాత్రల విషయంలో ఇది మరీ ముఖ్యం. తినకపోయిన పూట షుగర్ మందు ఏంచేయాలో ముందే డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోండి. కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్ పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈరోజే మానేయండి. బాత్‌రూమ్ లోపలి గడియ తీసేయండి, రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి. వంటయ్యాక సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. అంతేగానీ, యాభై ఏళ్లు వండిపెట్టిన అమ్మను వంటింట్లోకే రావద్దనకండి. ఆకుకూర ఒలవమని ఆమె ముందు పెట్టండి.

ఎవరూ ఆలోచించనిది ఇంకొకటి ఉంది. చూసుకునే మనిషే మంచాన పడితే? మా వార్డులో తుంటి విరిగి చేరిన ఒకావిడ నొప్పికన్నా, ఇంట్లో ఉన్న భర్త అన్నం తిన్నారో లేదో అనే ఎక్కువ ఏడ్చింది. ఆయన ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో, ఏ పాట పెడితే కుదురుగా కూర్చుంటారో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. రెండో మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. పెద్దల సహాయానికి 14567 అనే ఉచిత నంబరూ ఉంది.

మూడు వారాల తర్వాత హెడ్‌మాస్టరుగారు భార్యతో ఓపీకి వచ్చారు. ఆవిడ చేతిలో రూళ్ల పుస్తకం. స్కూటరు తాళం కొడుక్కి ఇచ్చేశానని ఆయనే చెప్పారు, కాస్త ముభావంగా. పుస్తకం తిరగేస్తుంటే, ఆయన వెళ్లే అవకాశమున్న చోట్ల జాబితాలో గుడి, పార్కు, తమ్ముడిల్లు ఉన్నాయి. అంతా చూసి, 'మా స్కూలు రాయలేదేం?' అని అడిగారు. పెన్ను తీసుకుని తనే రాశారు, వెనకవైపు గేటు ఎటుందో కూడా.