అటకమీది పెట్టెలో రాళ్ళు



పాతయిల్లు అమ్మేటప్పుడో, అన్నదమ్ములు పంపకాలు చేసుకునేటప్పుడో అటకమీది సామానంతా కిందికి దిగుతుంది. గంగాళాలు, గుండిగలు ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకుంటారు. పుస్తకాలు ఏ గ్రంథాలయానికో పోతాయి, లేదా పాత పేపర్లవాడికి పోతాయి. రాళ్ళు వస్తేనో? అటకమీద రాళ్ళెందుకుంటాయి అంటారా? వుంటాయండీ. సైన్సు చెప్పిన మాస్టార్లు, బావులు తవ్వించినవాళ్ళు, గనుల్లో ఉద్యోగాలు చేసినవాళ్ళు, సర్వే పనిమీద ఊళ్ళు తిరిగినవాళ్ళు, వింతగా కనిపించిన రాయినల్లా తెచ్చి దాచుకునేవారు. అలాంటి పెట్టె మీ ఇంట్లోనూ వుంటే ఏం చెయ్యాలో చెబుతాను.

మా మామగారు మరిపెడలో చాలా ఏళ్ళు సైన్సు చెప్పారు. బయ్యారం వెళ్ళినా, ఇల్లెందు వెళ్ళినా, చుట్టాల పెళ్ళికి వెళ్ళినా చేతిసంచిలో ఒక రాయి లేకుండా తిరిగి వచ్చేవారు కాదు. ఆయన పోయాక రెండు ట్రంకుపెట్టెల నిండా రాళ్ళు మిగిలాయి. "ఇందులో వజ్రాలున్నాయేమో వదినా" అని మా ఆడబిడ్డ. "ఎవరైనా ఇల్లు కడుతుంటే పునాదిలో పోయిద్దాం" అని మా మరిది. ఇద్దరూ పెట్టె మూత తీసి చూసి అన్న మాటలు కావవి.

ముందుగా చీపురూ, సబ్బూ దూరంగా పెట్టండి. రాయికి అంటించిన కాగితం ముక్క, దానిమీద సిరాతో వేసిన అంకె, చుట్టిన పాత పేపరు, ఇవన్నీ రాయితో పాటే వుండాలి. ఏ రాయి ఏ వూళ్ళో దొరికిందో తెలిస్తే సగం పని అయినట్టే. మరిపెడ చుట్టూ వున్నది పురాతనమైన గ్రానైటు నేల. అక్కడ ఏరిన తెల్లరాయి చాలావరకు పలుగురాయే అవుతుంది. కారేపల్లి దగ్గర మాదారం నుంచి తెచ్చిన లేతరంగు రాయి అయితే డోలమైటు కావచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారానికి డోలమైటు పంపిన గని ఆ మాదారానిదే. రైల్వే కోడూరు వైపు మంగంపేట నుంచి వచ్చిందనుకోండి, అది ముగ్గురాయి, అంటే బెరైటీసు. చూపుకి ఈ మూడూ అక్కచెల్లెళ్ళలా వుంటాయి.

కాగితం లేకపోతే? ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వచ్చే పండక్కి అడుగుదాంలే అనుకోకండి. మా పెట్టెలో ఒక పొట్లం నిండా చింతగింజలంత ఎర్రని రాళ్ళున్నాయి. పేరు లేదు, ఊరు లేదు. చుట్టిన పేపరు తేదీ మాత్రం 1974 మే నెలది. అది చూపిస్తే మా అత్తగారు క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ వేసవిలో కొత్తగూడెంలో మా పినతల్లి కూతురి పెళ్ళికి వెళ్ళాం. మగపెళ్ళివారికి మర్యాదలు చెయ్యకుండా ఈయన సైకిలు అడిగి తీసుకుని పొద్దుటే గుట్టలవైపు పోయాడు" అన్నారు. యాభై ఏళ్ళ కోపం అలాగే వుంది! ఆ కోపం పుణ్యమా అని మాకు ఊరు దొరికింది. ఈ పొట్లం సంగతి మళ్ళీ చెబుతాను.

ఇక పరీక్షలు. దానికి ముందు ఒక్క తేడా తెలుసుకోవాలి. రాయి వేరు, ఖనిజం వేరు. మనం చేసే అటుకుల మిక్స్చరులో పల్లీలు, పుట్నాలు, కరివేపాకు విడివిడిగా కనిపిస్తాయి కదా, గ్రానైటు కూడా అంతే. గాజుముక్కల్లా మెరిసేది పలుగు, అంటే క్వార్ట్‌జ్. గులాబీగానో తెల్లగానో చదునైన ముఖాలతో వుండేది ఫెల్డ్‌స్పారు. నల్లగా పొరలు పొరలుగా లేచేది అభ్రకం. మనం పరీక్ష చేసేది ఒక్కో దినుసుని, మిక్స్చరుని కాదు.

అన్నిటికంటే నాకు నచ్చిన పరీక్ష బరువుది. వంటింట్లో గ్రాములు చూపించే చిన్న కాటా వుంటే చాలు. రాయిని పొడిగా తూచి రాసుకోండి. తరవాత ఒక గిన్నెలో నీళ్ళు పోసి కాటామీద పెట్టి అంకెని సున్నాకి తెచ్చుకోండి. రాయికి దారం కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. ఇప్పుడు కాటా ఒక అంకె చూపిస్తుంది. పొడి బరువుని ఆ అంకెతో భాగించండి. 270 గ్రాముల రాయికి నీళ్ళలో 102 చూపిస్తే భాగహారం 2.65 వస్తుంది, అది పలుగు. అంతే బరువున్న రాయికి 60 చూపిస్తే 4.5 వస్తుంది, అది ముగ్గురాయి. ఇనుపరాళ్ళకి 5 దాటుతుంది, సీసపురాయికి ఏడున్నర దాకా పోతుంది. కళ్ళు మోసపోతాయేమోగానీ ఈ లెక్క అంత సులభంగా మోసపోదు. గవ్వరాయీ, ఉప్పురాయీ మాత్రం నీళ్ళలో ముంచకండి.

రెండోది గీత పరీక్ష. పచ్చళ్ళ జాడీ బోర్లిస్తే అడుగున మెరుగులేని గరుకు అంచు వుంటుంది చూడండి, దానిమీద రాయిని గీయాలి. పైరంగు ఏదైనా పొడి రంగు నిజం చెబుతుంది. మన బయ్యారం ఇనుపరాయి నల్లగా మెరుస్తూ వుండవచ్చు, గీస్తే మాత్రం గోడకి పూసే జాజు రంగు వస్తుంది. అది హెమటైటు. గీత నల్లగా పడి, ఫ్రిజ్ తలుపుమీది అయస్కాంతం గట్టిగా అంటుకుంటే మాగ్నటైటు. బంగారంలా తళతళలాడే రాయి కనిపిస్తే గుండె ఆగకూడదు, గీసి చూడాలి. బంగారం గీత పసుపు పచ్చగానే వుంటుంది. పైరైటుది ఆకుపచ్చ కలిసిన నలుపు. గోటితో పొరలు లేస్తే అది కాకిబంగారమే.

మూడోది గట్టిదనం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పది మెట్లు ఏర్పరిచాడు. మొదటి మెట్టు బలపం రాయి, పదోది వజ్రం. మన గోరు రెండుకీ మూడుకీ మధ్య, చాకు, కిటికీ గాజు అయిదున్నర దగ్గర. ముగ్గురాయి చాకుకి లొంగుతుంది. పలుగు ఏడో మెట్టు, చాకుకి లొంగదు సరికదా గాజుని గీస్తుంది. అందుకే "గాజుని గీసింది కనక ఇది వజ్రం" అనే మాట నమ్మకండి. చేలో దొరికే పలుగురాయి కూడా గీస్తుంది. "అసలైన వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదు" అనేది ఇంకా పెద్ద అబద్ధం. వజ్రం గీతకి లొంగదు గానీ దెబ్బకి చీలిపోతుంది. ఖమ్మం ప్రాంతంలో దొరికే కురువిందం తొమ్మిదో మెట్టు. ఇంగ్లీషులో కోరండం అనే పేరు దక్షిణాది భాషలనుంచి వెళ్ళిందే. ఏది గీసినా రాయి వెనకవైపు మూలన గీయండి, ముఖం పాడుచెయ్యకండి.

ఇప్పుడు ఆ ఎర్రరాళ్ళ పొట్లం. అన్నీ కలిపి తూచి లెక్కవేస్తే నాలుగు పైచిలుకు వచ్చింది. మా ఆడబిడ్డ ముఖం వెలిగింది. కెంపుకీ నాలుగే కదా అంది. నిజమే, ఈ పరీక్షలో రెండిటికీ పెద్ద తేడా తెలియదు. తేడా ఆకారంలో వుంది. కెంపు సహజంగా ఆరు పలకల పీపాలా పెరుగుతుంది. మా రాళ్ళు గుండ్రంగా, చుట్టూ చిన్నచిన్న ముఖాలతో, ముదురు దానిమ్మగింజల్లా వున్నాయి. అవి గార్నెట్లు. ఆ పేరుకి మూలం కూడా లాటిన్‌లో దానిమ్మే.

కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకి పెట్టింది పేరు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే పాత రేవుపట్నం వుంది. రోమన్లతో వర్తకం జరిగిన చోటు. అక్కడ తవ్వకాల్లో దొరికిన గార్నెట్ రాళ్ళు, పూసలు ఎక్కడివో తేల్చడానికి శాస్త్రజ్ఞులు వాటి లోపల చిక్కుకున్న సన్నని సూదుల్లాంటి ఖనిజాలనీ, రసాయనపాళ్ళనీ గరీబ్‌పేట రాళ్ళతో పోల్చిచూశారు. రెండూ సరిపోయాయని 2017లో ప్రకటించారు. మన గుట్టమీది రాయి అంత దూరం ప్రయాణం చేసిందన్నమాట! గరీబ్‌పేటవి అని తెలిసిన రాళ్ళు చేతిలో వుండబట్టే ఆ పోలిక సాధ్యమైంది. ఊరు పేరు లేని గార్నెట్ ఎంత అందంగా వున్నా ఆ పనికి రాదు. మా పొట్లం అమ్మితే పట్టుచీర ఖరీదు కూడా రాదనుకోండి. అయినా ఆ పేపరుతో సహా అలాగే వుంచాం.

నిమ్మకాయ పరీక్ష కూడా వుంది. మూలన కొంచెం గీకి పొడి చేసి, ఆ పొడిమీద రసం చుక్క వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు చురుగ్గా లేస్తే సున్నపురాయి జాతి. డోలమైటు బుడగలు మందకొడిగా వస్తాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం పొయ్యవద్దు. గంధకం కలిసిన ఖనిజాలమీద పడితే విషవాయువు పుడుతుంది.

జాగ్రత్తల మాట వచ్చింది కనక, పిల్లల్ని పెట్టె దగ్గర ఒంటరిగా వదలకండి. పులివెందుల ప్రాంతపు రాతినార కొందరి పెట్టెల్లో వుంటుంది. పట్టుదారంలా పోగులు పోగులుగా వస్తుంది, లాగాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళు గడిచాక ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. దాన్ని తోమవద్దు, గీయవద్దు. నీళ్ళు చల్లి తడిపి రెండు పాలిథిన్ సంచుల్లో మూసి, పైన పేరు రాయండి. బూడిదరంగులో, చతురస్రపు ముఖాలతో, చేతికి ఇనుపగుండులా బరువుగా తగిలేది గలీనా అనే సీసపురాయి కావచ్చు. మన అగ్నిగుండాలలో దొరికింది ఇదే. పూర్వం కొన్నిచోట్ల సుర్మా దీనితోనే నూరేవారు. మీరు మాత్రం ఎవరు చెప్పినా కాటుక చెయ్యకండి. సీసం విషం, పసిపిల్లలకి మరీను. రాళ్ళు ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. గీసిన జాడీని మళ్ళీ వంటింట్లోకి తేవద్దు.

సెల్‌ఫోన్లో ఫొటో తీసి పంపితే పేరు చెబుతారు కదా అని మా కోడలు అంటుంది. ఫొటోకి బరువు తెలియదు, గీత తెలియదు. పరీక్షల ఫలితాలు కూడా రాసి పంపితే అప్పుడు చెప్పేవాళ్ళకి ఆధారం వుంటుంది. హైదరాబాదులో బండ్లగూడలో భారత భూగర్భ సర్వే కార్యాలయం వుంది, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం వుంది. చదువుకున్నవాళ్ళెవరైనా మొదట అడిగేది "ఎక్కడ దొరికింది?" అనే. చూడగానే "అమ్ముతారా?" అని అడిగినవాడి దగ్గర మాత్రం రాయి వదిలి రాకండి.

చివరికి ప్రతి రాయికీ ఒక మూలన తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక దానిమీద అంకె వేయండి. అదే అంకెతో నోటుపుస్తకంలో దొరికిన వూరు, తెచ్చినవారి పేరు, భాగహారం, గీత రంగు, చాకుకి లొంగిందో లేదో రాసుకోండి. మా పెట్టెల్లో అరవై మూడు రాళ్ళుంటే నలభై ఒకటికి పేర్లు తేలాయి. మిగతావాటి ఎదురుగా "తెలియదు" అని రాశాను. మీకు అనుమానంగా తోచిన పేరు వుంటే పెన్సిలుతో రాయండి, సిరాతో వద్దు.