మీకు తెలుసా? ఏలూరు చుట్టూ సైకిల్ దారులు

నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులోనే కలుస్తాయి. ఒకప్పటి ఈ పడవల దారి 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేరింది.

లారీల హోరు లేకుండా సైకిల్ తొక్కాలంటే కాలవగట్లు, కొల్లేరు సరస్సు గట్లే సరి. వెడల్పు టైర్లుంటే గ్రావెల్ మీద అంతగా జారదు. కానీ వాన పడ్డాక వెళ్లకండి: నల్లమట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య పట్టేసి చక్రం తిరగనివ్వదు.

2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరులో, కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇనుప స్టాండ్ల మీదే గూళ్లు కడతాయి. చలికాలం తెల్లవారుజామున చూసితీరాలి.

గుట్టలు కావాలా? ఉత్తరాన కామవరపుకోట దగ్గర గుంటుపల్లి ఉంది. అక్కడ కొండను తొలిచిన గుండ్రని చైత్యగుహ క్రీస్తుపూర్వపు నాటిది.