కాళ్లు నేలకు ఆనాల్సిందేనా?

హైదరాబాద్ లాల్‌దర్వాజాలో పిల్లలకు సైకిల్ కొనిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ముందు చూసేది ఒకటే: సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా లేదా అని. సింహవాహిని గుడి చుట్టూ ఉన్న గల్లీల్లో అడుగడుక్కీ ఆటోకో తోపుడుబండికో ఆగాలి కాబట్టి వాళ్ల భయం న్యాయమైనదే. అయితే గేర్ల సైకిళ్లు, ఎంటీబీలు (మౌంటెన్ బైకులు) కొన్న యువకులు కూడా అదే కొలతతో తొక్కుతున్నారు. దాని ఫలితం మోకాళ్లు అనుభవిస్తున్నాయి.

అపోహ: కాళ్లు ఆనేదే సరైన ఎత్తు.

వాస్తవం: పెడల్ అట్టడుక్కి వెళ్లినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు మాత్రమే వంగి ఉండాలి. గోడ పట్టుకుని సీటెక్కి, పెడల్‌ను పూర్తిగా దించి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకుంటే ఎత్తు ఇంచుమించు కుదిరినట్టే. అప్పుడు నేలకు మునివేళ్లే అందుతాయి, ఫరవాలేదు. సీటు మరీ కిందికుంటే ఫలక్‌నుమా ఎత్తు ఎక్కేసరికి తొడలు మండిపోతాయి, మోకాలిచిప్ప మీద ఒత్తిడి పడుతుంది.

అపోహ: ఒకసారి కుదిరిన ఎత్తు అన్నిచోట్లా పనికొస్తుంది.

వాస్తవం: మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల్లో రాళ్లబాట దిగి చూడండి. ఎక్కేటప్పుడు సాయపడిన సీటే దిగేటప్పుడు అడ్డమొస్తుంది. ఒంటిని వెనక్కీ కిందికీ జరపనివ్వదు, హ్యాండిల్ మీదుగా ముందుకు పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ ఇబ్బందికే 1984లో అమెరికాలో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ ‘హైట్-రైట్’ అనే స్ప్రింగు తెచ్చారు. ఇప్పుడు హ్యాండిల్ మీది మీటతోనే సీటును దించి లేపే డ్రాపర్ పోస్టులు వచ్చాయి.

అపోహ: డ్రాపర్ పోస్టు షాక్ అబ్జార్బర్ లాంటిది.

వాస్తవం: కాదు. లోపలి గాలి లేదా స్ప్రింగు ఉన్నది సీటును లేపడానికే. మీట నొక్కి ఒంటి బరువు వేస్తే దిగుతుంది, పిర్రలెత్తి నొక్కితే లేస్తుంది, మీట వదిలితే ఉన్నచోటే బిగుసుకుంటుంది. దించింది హాయిగా కూర్చోవడానికీ కాదు. దిగేటప్పుడు రెండు పెడళ్లూ సమంగా ఉంచి, మోకాళ్లు, మోచేతులు వంచి నిలబడాలి.

అపోహ: కొండలెక్కేవాళ్లకే పనికొస్తుంది.

వాస్తవం: 2022లో మిలాన్–సాన్ రెమో రోడ్డు పందెంలో సైకిల్ రేసర్ మొహోరిచ్ డ్రాపర్ పోస్టుతోనే పొజ్జో గుట్ట దిగి గెలిచాడు. మన గల్లీలకూ నిజంగా మేలే: తొక్కేటప్పుడు సరైన ఎత్తు, ఆగేముందు దించితే పెద్దవాళ్లు కోరినట్టే కాలు నేలకు ఆనుతుంది.

అపోహ: ఏ సైకిల్‌కైనా పట్టేస్తుంది.

వాస్తవం: 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్ల కొలతలు ఎక్కువగా దొరుకుతాయి. మీ ఫ్రేమ్ గొట్టం కొలవకుండా కొనకండి. పావుకిలోకు పైగా బరువు కూడా పెరుగుతుంది. సీటు క్లాంపు అతిగా బిగిస్తే పోస్టు లోపల పట్టేసి సరిగ్గా లేవదు. చాలామంది పోస్టు పాడైందనుకునేది ఇందుకే. వానాకాలంలో తొక్కొచ్చాక జారే గొట్టం మీది బురదను మెత్తటి గుడ్డతో తుడవండి.

డ్రాపర్ కొనే స్తోమత లేకపోతే మామూలు సీటు గొట్టం మీద ఎక్కడానికొకటి, దిగడానికొకటి మార్కర్‌తో రెండు గీతలు పెట్టుకోండి. క్విక్ రిలీజ్ క్లాంపు ఉంటే బాట మొదట్లో ఆగి మార్చుకోవచ్చు. గొట్టం మీద కంపెనీ చెక్కిన కనీస లోతు గీత మాత్రం ఎప్పుడూ ఫ్రేమ్ లోపలే ఉండాలి.